ఆ ఫ్లూట్ ఆవిడ కోసం రాస్తున్నావు కదా, ముందు ఆవిడ్ని విను

ప్రశ్న: అక్కా, మాది ఒడిశాలో గుణుపురం. చిన్నప్పట్నుంచి కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను, మా మాస్టారు విజయనగరం మ్యూజిక్ కాలేజీలో చదువుకున్నాయన. తర్వాత వైజాగ్ వెళ్ళి వెస్టర్న్ థియరీ నేర్చుకుని ట్రినిటీ గ్రేడ్ పరీక్షలు రాశాను. నేను ఆన్‌లైన్లో పెట్టిన చిన్న వయొలిన్ పీస్ ఒకటి విని, యూరప్‌లో ఉండే ఒక ఫ్లూట్ ఆర్టిస్ట్ తన కచేరీల కోసం సోలో పీస్ రాసిమ్మని అడిగింది. నాలుగైదు నిమిషాలు చాలంది, మూడు నెలలు టైం ఇచ్చింది, మీ కొండల సంగీతం అందులో వినపడాలంది, ఫీజు నన్నే చెప్పమంది. ఇప్పటిదాకా రాసింది చూస్తే పదకొండు నిమిషాలు వచ్చింది, ఏది తీసెయ్యాలో తెలీట్లేదు. దగ్గర్లో సవర ఊళ్ళో పండక్కి ఫోన్లో రికార్డు చేసుకున్న పాట ఒకటి ఉంది, అది కూడా వాడదామని ఉంది. మాస్టారేమో డబ్బు తీసుకుని ఒకరి కోసం రాయడమేట్రా అంటున్నారు. ఏం చెయ్యమంటావు?

జవాబు:

తమ్ముడూ, నీ ఉత్తరం, దాంతో పంపిన స్కోరు (స్వరాలు రాసిన కాగితాలు) రెండూ చూశాను. గుణుపురంలో కూర్చున్న కుర్రాడిని వెతుక్కుంటూ ఒక కమిషన్, అంటే డబ్బిస్తాం పీస్ రాసిమ్మన్న పిలుపు, వచ్చిందంటే రాయగడలో ఉన్న నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను, ఎందుకంటే మన వైపు పిల్లలకి ఇలాంటి సంగీతం రాయొచ్చని చెప్పేవాళ్ళే తక్కువ, రాస్తే వాయించేవాళ్ళు ఇంకా తక్కువ. అందుకే కొంచెం గట్టిగానే మాట్లాడతాను, ఏమనుకోకు.

నీ ఉత్తరంలో కొండల గురించి ఉంది, నిమిషాల గురించి ఉంది, డబ్బు గురించి ఉంది, ఆవిడ గురించి మాత్రం ఫ్లూట్ ఆర్టిస్ట్ అన్న రెండు మాటలు తప్ప ఏమీ లేదు. ఆవిడ ఎలా వాయిస్తుంది? కింద స్థాయిలో ఆవిడ ధ్వని మందంగా ఉంటుందా, గాలి కలిసినట్టు ఉంటుందా? పాత సంగీతం ఎక్కువ వాయిస్తుందా కొత్తదా? వేదిక మీద మాట్లాడే మనిషా, మౌనంగా వచ్చి వాయించి వెళ్ళిపోయే మనిషా? ఇవేవీ తెలీకుండా పదకొండు నిమిషాలు రాశావంటే అది ఆవిడ కోసం రాసినట్టు కాదు కదా, ఫ్లూట్ అనే వాయిద్యం కోసం రాశావు, నిజం చెప్పాలంటే అదీ కాదు, వయొలిన్ కోసం రాసి పైన ఫ్లూట్ అని పేరు పెట్టావు. ఎందుకంటున్నానో చెప్తా.

నువ్వు వయొలిన్ మనిషివి, నీ చెయ్యి బో (వయొలిన్ కమాను) తోనే ఆలోచిస్తుంది. నీ రెండో పేజీలో పద్దెనిమిది బార్లు (స్కోరులో నిలువు గీతల మధ్య గళ్ళు) ఒక్క విరామం లేకుండా వెళ్ళిపోయాయి, బో అయితే తిరగేసి మళ్ళీ లాగొచ్చు, వినేవాడికి అతుకు కూడా తెలీదు, ఫ్లూట్ వాయించే మనిషి మాత్రం ఎక్కడో ఊపిరి తీసుకోవాలి, ఆ ఎక్కడో నువ్వు రాయకపోతే ఆవిడ నీ వాక్యాన్ని తనకి కుదిరిన చోట విరుస్తుంది, అప్పుడు తప్పు ఆవిడది కాదు. స్కోరు రాసే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్ లో ప్లే నొక్కితే బాగానే వినిపించింది అని రాశావు, మ్యూజ్‌స్కోర్ కి ఊపిరితిత్తులు లేవు నాన్నా, అది ఎంతసేపైనా వాయిస్తుంది. నువ్వే ఒకసారి నీ లైన్ని నోటితో గాలి ఊదుతూ పాడి చూడు, ఎక్కడ నీకు దమ్ము అయిపోతుందో అక్కడే, కాస్త ముందే, ఆవిడకి కూడా అయిపోతుంది. పైగా గట్టిగా ఊదే చోట గాలి తొందరగా ఖర్చవుతుంది, మెల్లగా ఊదితే కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది. ఇంకోటి, నీ క్లైమాక్స్ అంతా ఫ్లూట్ అట్టడుగు స్వరాల మీద ఫోర్టిసిమో (చాలా గట్టిగా) అని రాశావు, వయొలిన్ అడుగు తీగ జి మీద అది గర్జిస్తుంది, ఫ్లూట్ కింది స్థాయిలో ఎంత ఊదినా అంత బలం రాదు. అలాగే పైన మూడో స్థాయిలో పియానిసిమో (చాలా మెత్తగా) అని రాశావు, అక్కడ మెత్తగా పలికించడం చాలా కష్టం. ఫ్లూట్ లో గట్టితనం మెత్తదనం అన్నవి కొంతవరకు స్థాయిని బట్టే వచ్చేస్తాయి, అది నేర్చుకుని దాన్నే పీస్ కి వాడుకో, దానికి ఎదురెళ్ళాలంటే కారణం ఉండి వెళ్ళు.

అందుకని మొదటి పని, రాయడం ఒక వారం ఆపు. ఆవిడ రికార్డింగులు ఎన్ని దొరికితే అన్ని విను, తర్వాత ఒక వీడియో కాల్ అడుగు, అందులో నీ పీస్ గురించి మాట్లాడొద్దు, ఆవిడ్ని వాయించమని అడుగు. నీకు బాగా ఇష్టమైన స్వరం ఏది, ఏది వాయిస్తే చేతికి హాయిగా ఉంటుంది, ఏ టెక్నిక్ అంటే విసుగు, నీ ఫ్లూట్ మీటల మధ్య రంధ్రాలుండే ఓపెన్ హోలా, అవి లేని క్లోజ్డ్ హోలా, కింద సి దాకా వెళ్తుందా బి దాకానా, ఇవన్నీ అడుగు. నాలుక ఆడిస్తూ ఊదడం, వాయిస్తూనే గొంతుతో పాడడం, మీటల చప్పుడు, రెండు స్వరాలు ఒకేసారి పలికించే మల్టీఫోనిక్స్, ఇవి ఆవిడ ఏవి ఎలా చేస్తుందో చేసి చూపించమను. మల్టీఫోనిక్స్ అయితే పుస్తకంలో చూసి రాసేస్తే సరిపోదు, ఒకరి ఫ్లూట్ మీద వచ్చింది ఇంకొకరి ఫ్లూట్ మీద రాకపోవచ్చు, ఆవిడ పలికించి చూపించినవే వాడు, ఏ వేళ్ళతో పలికించిందో ఆ ఫింగరింగ్ కూడా స్కోరులో గియ్యి. పాడుతూ వాయించేది రాసేటప్పుడు ఆవిడ గొంతు స్థాయి ఏంటో కనుక్కో, నీ మగ గొంతుకి వచ్చినట్టు రాస్తే ఆవిడకి ఒక ఆక్టేవ్ (ఒక పూర్తి స్థాయి) తేడా వస్తుంది. వయొలిన్ నేర్చుకున్నవాళ్ళకి ఇవి ఎవరూ చెప్పరు, అందుకే ఇంత సేపు చెప్తున్నా.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు, సోలో ఫ్లూట్ కి నిలిచిపోయిన పీసులు చూడు, అన్నిటి వెనకా ఒక మనిషి ఉన్నాడు. డెబ్యుసీ అనే ఫ్రెంచ్ కంపోజర్ 1913లో రాసిన సిరింక్స్ లూయీ ఫ్లూరీ అనే ఫ్లూట్ ఆర్టిస్ట్ కోసం, మూడు నిమిషాల చిల్లర, ఒక నాటకంలో వాయించడానికి. వరేజ్ 1936లో డెన్సిటీ 21.5 రాసింది జార్జ్ బరేర్ ప్లాటినం ఫ్లూట్ కోసం, ఆ పేరు ప్లాటినం సాంద్రత నుంచే వచ్చింది, నాలుగు నిమిషాలు, అందులోనే మీటలు కొట్టే చప్పుడుని సంగీతంగా రాశాడు. బెరియో 1958లో సీక్వెన్జా అనే వరసలో మొదటిది రాసింది గాట్సెల్లోనీ అనే ఫ్లూట్ ఆర్టిస్ట్ కోసం, ఆ తర్వాత 2002 దాకా ఒక్కో వాయిద్యానికి ఒకటి చొప్పున పద్నాలుగు రాశాడు, మూడోది క్యాతీ బర్బేరియన్ గొంతు కోసం, ఆవిడ నవ్వడం దగ్గడం గొణగడం అన్నీ అందులో ఉంటాయి. తకెమిత్సు 1971లో ఓరెల్ నికోలే కోసం వాయిస్ రాశాడు, వాయిస్తున్న మనిషే మధ్యలో మాట్లాడతాడు. ఇవన్నీ విను, స్కోరు దొరికితే ముందు పెట్టుకుని విను. ఒక్కో మనిషి కోసం అంత ప్రత్యేకంగా రాసినవే ఇప్పుడు ప్రపంచమంతా వాయిస్తున్నారు. అందరికీ పనికొచ్చేలా రాద్దాం అనుకుంటే ఎవరి చేతిలోనూ ఒదగదు, ఇది నేను గట్టిగా నమ్మే మాట.

ఇక పదకొండు నిమిషాల సంగతి. నీ స్కోరులో ఖరహరప్రియ రాగం ఆలాపన లాంటిది ఉంది, తర్వాత పన్నెండు స్వరాల వరుస ఒకటి ఉంది, తర్వాత డప్పు లాంటి తాళం, తర్వాత రైలు, చివర్లో మళ్ళీ ఆలాపన. పెళ్ళి విస్తట్లో మొదటి పంక్తికే అన్నీ ఒకేసారి వడ్డించేసినట్టుంది, ఏదీ రుచి తెలీదు. ఎందుకిలా అయిందో నాకు అర్థమైంది, ఇదే మొదటి అవకాశం, మళ్ళీ వస్తుందో రాదో, నాకు వచ్చిందంతా చూపించాలి అనుకున్నావు. ఆవిడ అడిగింది నీకు వచ్చినవన్నీ కాదు, కచేరీలో రెండు పెద్ద పీసుల మధ్య పెట్టుకోడానికో చివర ఎన్‌కోర్ (జనం ఇంకొకటి అంటే వాయించేది) గానో నాలుగు నిమిషాలు. అంత చిన్నదాంట్లో ఒక్క విషయం పట్టుద్ది, అది మారుతూ ఎక్కడికో వెళ్ళాలి, అంతే. వెబెర్న్ 1914లో చెల్లో పియానోలకి రాసిన మూడు చిన్న పీసులు, ఓపస్ 11, మూడూ కలిపి ముప్పై రెండు బార్లే, విను, ఒక్క స్వరం కూడా దండగ ఉండదు. నువ్వు అలా రాయాలని కాదు, చిన్నది అంటే పెద్దదాన్ని కత్తిరించింది కాదు అని తెలియడానికి.

అందుకే ఏది తీసెయ్యాలి అని అడక్కు, ఏది ఉంచాలి అని అడుగు. నన్నడిగితే నీ మూడో పేజీ పైన ఏడు బార్లు ఉన్నాయి చూడు, ఒకే స్వరాన్ని పట్టుకుని చుట్టూ చిన్నగా కదులుతూ మళ్ళీ అక్కడికే వస్తుంది, అది నీది, ఇంకెవరూ రాయరు. మిగతావన్నీ ఎక్కడో విన్నవే. ఆ ఏడు బార్లు తీసుకుని కొత్త ఫైల్లో మొదలుపెట్టు, పాతది చెరిపెయ్యకు, రైలు వేరే పీస్ అవుద్ది, తాళం ఇంకో పీస్ అవుద్ది. పొట్టి పీసులు అడిగేవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు కూడా. హిలరీ హాన్ అనే వయొలినిస్ట్ ఎన్‌కోర్ల కోసమే ఇరవై ఆరు మందిని అడిగి చిన్న చిన్న పీసులు రాయించుకుంది, ఇరవై ఏడోది పోటీ పెడితే నాలుగొందల పైన వచ్చాయి, ఆల్బం 2013లో వచ్చింది, అందులో మన హిందుస్తానీ వయొలినిస్ట్ కళా రామ్‌నాథ్ గారిది కూడా ఒకటి ఉంది. 2020లో లాక్‌డౌన్ అప్పుడు జెన్నిఫర్ కో అనే ఇంకో వయొలినిస్ట్ అర నిమిషం పీసులు రాయించుకుంది, జీతం వచ్చే ఉద్యోగాల్లో ఉన్న కంపోజర్లు తమది ఉచితంగా ఇచ్చి, ఉద్యోగం లేని ఒక్కొక్కరి పేరు చెప్పారు, ఆ చెప్పినవాళ్ళకి డబ్బిచ్చి రాయించుకుంది. క్రోనోస్ క్వార్టెట్ అనే నలుగురు తీగ వాయిద్యాల బృందం కుర్ర క్వార్టెట్ల కోసం యాభై పీసులు రాయించి స్కోర్లు ఫ్రీగా పెట్టారు, డౌన్‌లోడ్ చేసుకుని చదువు, ఒకరి కోసం రాయడం అంటే ఏంటో యాభై రకాలుగా కనిపిస్తుంది.

గమకం దగ్గర కొంచెం ఆగాలి. ఆవిడది మీటల ఫ్లూట్, మన వెదురు వేణువు కాదు, వేలు సగం తెరిచి జార్చడం అన్నిచోట్లా కుదరదు. ఓపెన్ హోల్ అయితే కొన్ని స్వరాల మీద వేలు జార్చొచ్చు, లేదంటే పెదవుల దగ్గర ఫ్లూట్ ని కొంచెం తిప్పి స్వరాన్ని వంచాలి, ఆ వంగడం కూడా ఎంతో కొంతే. నువ్వు స్వరం మీద అలల గీత గీసి గమకం అని రాశావు, ఆవిడ దాన్ని వైబ్రాటో (స్వరాన్ని సన్నగా వణికించడం) అనుకుంటుంది, అనుకోక ఏం చేస్తుంది. నీకు ముఖ్యమైన రెండు మూడు చోట్ల మాత్రం ఆ గమకం ఏ స్వరం నుంచి బయల్దేరి ఏది తాకి ఎక్కడ ఆగుతుందో విడదీసి స్టాఫ్ (స్కోరులో ఐదు గీతలు) మీద రాయి, పక్కన నువ్వు వయొలిన్ మీద వాయించిన ఆడియో పంపు, మిగతా చోట్ల ఆవిడకి వదిలెయ్. ఎంత వదలాలి ఎంత బిగించాలి అనేది పెద్దవాళ్ళకి కూడా తేలని విషయమే, బెరియో ఆ మొదటి సీక్వెన్జాని 1958లో లయ కచ్చితంగా రాయకుండా పేజీ మీద స్వరాల మధ్య దూరాన్ని బట్టి వాయించమని రాశాడు, వాయించేవాళ్ళు మరీ ఇష్టం వచ్చినట్టు వాయిస్తున్నారని 1992లో మామూలు లయలో తిరగరాశాడు. కాబట్టి నీకు ఏది కచ్చితంగా కావాలో అది కచ్చితంగా రాసెయ్, మొహమాటపడకు. పేజీ తిప్పే చోటు కూడా చూసుకో, రెండు చేతులూ ఫ్లూట్ మీదే ఉంటాయి, నాలుగు నిమిషాలది రెండు పేజీల్లో పక్కపక్కన పడితే ఆవిడ నిన్ను జన్మలో మర్చిపోదు.

సవర పాట దగ్గరికొస్తే నాకు కొంచెం బాధగా ఉంది, రికార్డు చేసుకునేటప్పుడు ఎవర్నైనా అడిగావా లేదా అన్నది నీ ఉత్తరంలో లేదు. అది ఊరికే గాల్లో దొరికిన ట్యూన్ కాదు, ఎవరో పాడారు, ఏదో పండక్కి పాడారు, దాంట్లో కొన్ని బయట పాడకూడనివి కూడా ఉండొచ్చు, నీకూ నాకూ ఏం తెలుసు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో పని చేస్తూ సవర భాష నేర్చుకోవాలనుకున్నప్పుడు సవర మనుషులనే ఇంట్లో పెట్టుకుని వాళ్ళ దగ్గర నేర్చుకున్నారు, ఏళ్ళ తరబడి, ఆ భాషకి ఆయన రాసిన వ్యాకరణం 1931లో గానీ అచ్చవలేదు. మన జాగాలోనే అంత మంచి దారి చూపించిన మనిషి ఉండగా మనం ఒక సాయంత్రం ఫోన్లో రికార్డు చేసుకుని యూరప్ పంపెయ్యడం ఏం బావుంటుంది. మూడు నెలల్లో అది న్యాయంగా చెయ్యలేవు. ఈ పీస్ లో ఆ పాట వాడకు. తర్వాత మళ్ళీ ఆ ఊరు వెళ్ళు, పాడినవాళ్ళని కలువు, ఆ పాట ఏంటో అడుగు, వాళ్ళు సరే అంటే వాళ్ళ పేర్లు, ఊరి పేరు స్కోరు మొదటి పేజీలో రాసి, వచ్చిన డబ్బులో వాటా ఇచ్చే పద్ధతి మీద ఇంకో పీస్ రాయి, అది నీ జీవితంలో పెద్ద పని అవుతుంది.

మరి ఆవిడ కొండల సంగీతం కావాలంది కదా అంటావు. ఆవిడ మంచి మనసుతోనే అడిగి ఉంటుంది, అయినా నువ్వు పోస్టుకార్డు బొమ్మ గీసి ఇవ్వక్కర్లేదు. నీ చెవిలో ఉన్నదే నీ ఊరు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, స్కూల్లో రెండూ కలిసి, సంతలో సవర, ఒకే మాటని మూడు రకాల యాసల్లో వింటూ పెరిగావు, ఒక వైపు మాస్టారి విజయనగరం బాణీ, ఇంకో వైపు రాత్రంతా వినపడే జాత్రా (ఒడియా నాటకం) మైకు, నువ్వు ఒకే స్వరం చుట్టూ తిరుగుతూ దాని రంగు మారుస్తావే ఆ ఏడు బార్లు, అవి అక్కణ్ణుంచే వచ్చాయని నాకనిపిస్తోంది. ఈ మాటే ఆవిడకి కాల్లో చెప్పు, కొండలు ఎక్కడున్నాయని అడిగితే ఇక్కడున్నాయని ఆ ఏడు బార్లు వాయించి చూపించు. మన జాగా నుంచి వచ్చేదానికి డప్పు ఉండాల్సిందే అన్న ఒప్పందం ఎవరూ రాసుకోలేదు.

డబ్బు. అడుగు, సిగ్గుపడకు, ఆవిడే అడిగింది కదా. నిమిషానికింత అని లెక్క వేస్తే చిన్న పీస్ కి అన్యాయం అవుద్ది, నాలుగు నిమిషాలది రాయడానికి ఒక్కోసారి పది నిమిషాలదానికంటే ఎక్కువ రోజులు పడతాయి. ఎన్ని వారాలు నీ ట్యూషన్లు తగ్గించుకుని దీనిమీద కూర్చోవాలో చూసి, ఆ వారాల్లో నీకు రావాల్సింది, పైన స్కోరు ఫైనల్ చేసే పని, ఆవిడతో రిహార్సల్ కాల్స్, ఇవన్నీ కలిపి ఒక మొత్తం చెప్పు. సగం ముందు, సగం స్కోరు అందాక. ఆవిడ అంత ఇవ్వలేనంటే ఊరికే తగ్గించెయ్యకుండా దానికి ప్రతిగా ఏదైనా అడుగు, ఎన్ని కచేరీల్లో వాయిస్తుంది, మంచి రికార్డింగు చేసి నీకు వాడుకోడానికి ఇస్తుందా, ఇలాగ. విదేశం నుంచి డబ్బు వస్తే బ్యాంకులో పర్పస్ కోడ్ (ఆ డబ్బు దేనికొచ్చిందో చెప్పే నంబరు) అడుగుతారు, కమిషన్ ఉత్తరం ఒక కాపీ దగ్గర పెట్టుకో.

ఒక పేజీ ఒప్పందం రాసుకోండి, ఈమెయిల్ అయినా సరే ఇద్దరూ సంతకం పెట్టిన పీడీఎఫ్ అయితే మేలు. పీస్ ఎంతసేపు, ఎప్పటికి ఇస్తావు, మొదటి ప్రదర్శన ఆవిడది, ఆ తర్వాత ఎన్నాళ్ళు ఆవిడ ఒక్కర్తే వాయిస్తుంది (ఏడాది అంటే న్యాయం, శాశ్వతంగా అంటే వద్దను), ఫలానా వారి కోసం రాసింది అన్న మాట స్కోరులో ఎలా పడాలి, గొడవొస్తే ఏ దేశం చట్టం. కాపీరైట్ నీ దగ్గరే ఉంటుందని ఒక లైన్ కచ్చితంగా రాయి. మన 1957 చట్టం ప్రకారం నువ్వు ఎవరి దగ్గరా ఉద్యోగిగా కాకుండా రాసిన సంగీతానికి మొదటి హక్కుదారువి నువ్వే, డబ్బిచ్చి రాయించుకున్నంత మాత్రాన అది వాళ్ళదైపోదు, హక్కు ఇచ్చెయ్యాలంటే రాతపూర్వకంగా సంతకం పెట్టి ఇవ్వాలి, అందులో ఎన్నాళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకే అని లెక్క, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే. ఆ హక్కు నీ జీవితకాలం, ఆపైన అరవై ఏళ్ళు. సంగీతం రాసినవాళ్ళకి రాయల్టీ వసూలు చేసిపెట్టే సొసైటీ ఐపీఆర్ఎస్ లో మెంబర్ అవ్వు, బయటి దేశాల సొసైటీలతో వాళ్ళకి ఒప్పందాలు ఉన్నాయి, ఆవిడ అక్కడ హాల్లో వాయించినప్పుడు ప్రోగ్రాం లో నీ పేరు, పీస్ పేరు నమోదు చేయించమని చెప్పు.

మాస్టారికి ఏం చెప్పాలో అడిగావు. ఎదురు చెప్పొద్దు. ఆయన భయం డబ్బు గురించి కాదనుకుంటా, శిష్యుడు అమ్ముడుపోతాడేమో అని. మన దగ్గర మాత్రం సంస్థానాలు పోషిస్తేనే కదా అంత సంగీతం వచ్చింది, తంజావూరు అన్నదమ్ములు నలుగురూ రాజుల మీద వర్ణాలు కట్టలేదా, అవి ఇప్పటికీ నాట్యంలో వాడట్లేదా. ఇదంతా వాదించే బదులు ఆ ఏడు బార్లు తీసుకెళ్ళి ఆయన ముందు వాయించు, ఇందులో నీకు ఏం వినపడింది మాస్టారూ అని అడుగు, ఆయన తప్పు పట్టిన చోట రాసుకో. అంత చెవి ఉన్న మనిషి దగ్గర్లో ఉండగా నాకెందుకు ఉత్తరం రాశావో గానీ, ఆయన మాట ఈ పీస్ కి పనికొస్తుంది.

టైం ఇలా పెట్టుకో. ఈ వారం వినడం, కాల్. తర్వాత మూడు వారాల్లో ఒక నిమిషం సంగీతం మాత్రం పూర్తిగా రాసి ఆవిడకి పంపు, ఫోన్లో రికార్డు చేసి పంపమను, అందులో ఎక్కడ తడబడిందో అక్కడ నీ రాత మార్చు, ఆవిడ్ని ప్రాక్టీస్ చెయ్యమనే ముందు. కచేరీకి కనీసం ఆరు వారాల ముందు పూర్తి స్కోరు ఆవిడ చేతిలో ఉండాలి, అంటే మూడు నెలలని ఆవిడ అన్నది స్కోరు ఇవ్వడానికా కచేరీకా అన్నది రేపే అడిగి తెలుసుకో, నీ ఉత్తరం చూస్తే అది నీకూ తెలిసినట్టు లేదు.